బస్తీలో నేరాల మీద ప్రాజెక్టు రాయబోతున్నవాళ్లకు

మా కాలేజీలో సోషియాలజీ చదివే పిల్లలు ఫైనలియర్ ప్రాజెక్టుకి తరచూ ఎంచుకునే అంశం ‘మురికివాడలు, నేరాలు’. మొదటి డ్రాఫ్టులో దాదాపు అందరూ రాసేది ఒకటే: పేదరికం, చదువు లేకపోవడం, తాగుడు, వాటివల్ల నేరాలు. నేను అడిగేదీ ఒకటే. పేదరికం ఒకేలా ఉన్న రెండు బస్తీల్లో ఒకచోట కొట్లాటలు, సెల్‌ఫోన్ చోరీలు ఎక్కువగా, ఇంకోచోట తక్కువగా ఎందుకున్నాయి? పేదరికం ఒక్కటే కారణమైతే రెండూ ఒకేలా ఉండాలి కదా. అందుకని ఒక్క బస్తీనే పట్టుకుని రాయకండి. ఆదాయంలో దగ్గరగా ఉన్న రెండింటిని తీసుకోండి. మీ పని ఆ తేడాకి కారణం వెతకడం.

చాలామంది బస్తీకి వెళ్లకముందే పోలీస్ స్టేషన్‌కి వెళ్లి కేసుల సంఖ్య తెచ్చుకుంటారు. తెచ్చుకోండి. కానీ ఆ సంఖ్య ఎలా తయారైందో కూడా రాసుకోండి. అందులో ఉండేవి ఎఫ్ఐఆర్ అయినవే. భర్త కొట్టినా స్టేషన్ మెట్లు ఎక్కని ఆడవాళ్లు, గిరిగిరి వడ్డీ వసూలుకి వచ్చినవాడు ఇంటిముందు నిలబడి బూతులు తిట్టినా నోరెత్తని కుటుంబాలు అందులో కనిపించరు. ఇంకోపక్క, పోలీసులు ఎక్కువగా తిరిగేచోట కేసులూ ఎక్కువ పడతాయి. హైదరాబాద్ బస్తీల్లో కార్డన్ సెర్చ్ చేసినప్పుడు గల్లీలన్నీ దిగ్బంధించి, కాగితాలు చూపించలేని బైకుల్ని పట్టుకెళ్తారు. అలాంటి సోదా జరగని అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో కాగితాల్లేని బళ్లు ఎన్నున్నా అవి ఏ లెక్కలోకీ రావు. ఒక బస్తీలో ఒకావిడ మా పిల్లలతో అన్న మాట: “ఎక్కడ ఏది పోయినా ముందు మా గల్లీకే వస్తరు సార్.” ఆ మాటని మీ పట్టిక పక్కనే పెట్టుకుని చూడండి.

సంఖ్యని జనాభాతో భాగించేటప్పుడు కూడా జాగ్రత్త. సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ లాంటి చోట పర్సు పోగొట్టుకునేవాళ్లలో ప్రయాణికులే ఎక్కువ. ఆ కేసుల్ని పక్కనున్న బస్తీ జనాభాతో భాగిస్తే, అక్కడ కాపురముంటున్నవాళ్ల మీద లేని మచ్చ పడుతుంది.

ఇక సిద్ధాంతాలు. పరీక్ష కోసం బట్టీపట్టినట్టు కాకుండా, ఒక్కోదాన్నీ బస్తీలో అడగగలిగే ప్రశ్నగా మార్చుకోండి. నేనైతే అమెరికాలోని చికాగో నగరంతో మొదలుపెట్టమంటాను. క్లిఫర్డ్ షా, హెన్రీ మెకే అనే ఇద్దరు పరిశోధకులు బాలనేరస్తుల కోర్టు రికార్డులు తీసి, ఆ కుర్రాళ్ల ఇళ్లు ఎక్కడున్నాయో మ్యాపు మీద గుర్తుపెట్టారు. 1900 నుంచి 1933 మధ్య వేర్వేరు కాలాలకి వేర్వేరు మ్యాపులు. ప్రతిసారీ నగరం నడిబొడ్డుని, ఫ్యాక్టరీలని ఆనుకుని, అద్దె తక్కువగా ఉండే ప్రాంతాల్లోనే బాలనేరాల రేటు ఎక్కువ. ఆ ఇళ్లలో మొదట జర్మన్లు, ఐరిష్ వాళ్లు ఉన్నారు. తర్వాత పోలండ్, ఇటలీ నుంచి వచ్చినవాళ్లు, ఆపైన నల్లజాతివాళ్లు. మనుషులు మారారు, ఆ చోట్లలో రేటు మాత్రం ఎక్కువగానే ఉండిపోయింది. అక్కణ్ణుంచి బయటపడి మంచి పేటలకు వెళ్లిన కుటుంబాల పిల్లల్లో తగ్గింది. 1942లో వాళ్లు అచ్చువేసిన ఈ ఫలితాన్ని నేను క్లాసులో ఏటా చెబుతాను. ‘ఆ కులమే అంత, ఆ మతమే అంత’ అనే మాట మన దగ్గర ఎంత సులువుగా దొర్లుతుందో నాకు తెలుసు కాబట్టి.

వాళ్లు చెప్పిన కారణాన్ని మన పాఠ్యపుస్తకాలు సామాజిక విఘటన అంటాయి. పేదరికం, తరచూ ఇళ్లు మారడం, పక్కింటివాళ్ల భాష రాకపోవడం కలిసి ఇరుగుపొరుగు బంధాలని కుదురుకోనివ్వవు. దాన్ని పరీక్షించాలంటే ఇలా అడగండి: ఈ ఇంట్లో ఎన్నాళ్లుగా ఉంటున్నారు? దీనికి ముందు ఎక్కడ? ఈ గల్లీలో పిల్లల పేర్లు ఎన్ని తెలుసు?

ఈ దారిలోనే అమెరికా సమాజశాస్త్రవేత్త రాబర్ట్ శాంప్సన్, ఆయన సహచరులు ఇంకా ముందుకెళ్లారు. 1995లో చికాగోలో 343 ప్రాంతాల్లో 8,782 మందిని అడిగారు. పిల్లలు బడి ఎగ్గొట్టి సందు చివర నిలబడితే మీ పొరుగువాళ్లు ఏమైనా అంటారా? మీ ఇంటిముందు కొట్లాట జరుగుతుంటే ఆపుతారా? పొరుగువాళ్లని నమ్మొచ్చా? అవును అన్నవాళ్లు ఎక్కువున్న చోట హింస తక్కువ ఉంది, పేదరికాన్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా. ఈ ప్రశ్నలు మన బస్తీకి బాగా సరిపోతాయి. నల్లా దగ్గర గొడవైతే ఎవరు సర్దుతారు, గణేష్ మండపం లెక్కలు ఎవరి దగ్గరుంటాయి, పొదుపు సంఘం సక్రమంగా కూర్చుంటుందా అని కలపండి. హైదరాబాద్ శివారు కొల్లూరులో ప్రభుత్వం పేదలకి 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు కట్టింది. ఎక్కడెక్కడి కుటుంబాలో లాటరీలో ఇల్లు వచ్చి ఒకే బ్లాకులో చేరాయి. గోడలు కొత్తవి, పరిచయాలు కూడా కొత్తవే. పాత బస్తీ ఒకటి, అలాంటి బ్లాకు ఒకటి తీసుకుని ఈ ప్రశ్నలు అడిగితే మంచి ప్రాజెక్టు అవుతుంది.

పని గురించి అడగకుండా మాత్రం వెనక్కి రావద్దు. ఫ్యాక్టరీలు పోయి, ఉద్యోగస్తులు వేరే పేటలకు వెళ్లిపోయాక మిగిలినవాళ్లకి ఏమవుతుందో సమాజశాస్త్రవేత్త విలియం జూలియస్ విల్సన్ 1987లో చికాగో నల్లజాతి పేటల గురించి చెప్పారు. మన నగరంలో డీబీఆర్ మిల్స్, ఆల్విన్, ఐడీపీఎల్ లాంటి ఫ్యాక్టరీలు ఒకప్పుడు ఎందరికో నెల జీతం ఇచ్చాయి. తాత నెల జీతగాడు, మనవడు అడ్డా మీద రోజుకూలీ అయిన ఇల్లు దొరికితే మూడు తరాల కథ మొత్తం రాసుకోండి. ఇంకో సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1938లో చెప్పిన ఒత్తిడి సిద్ధాంతం కూడా అక్కడే పనికొస్తుంది. కోరికలు అందరికీ ఒకటే, దారులు అందరికీ లేవు. అయితే దాంతోనే ఆగకండి. దారి లేని కుర్రాళ్లలో ఎక్కువమంది నేరం జోలికి పోరు. వాళ్లని ఏది ఆపిందో అడగడం మర్చిపోతుంటారు.

ముద్ర గురించి రాయడానికి మనకి స్టువర్ట్‌పురం ఉంది. 1871 నాటి నేరస్త తెగల చట్టం పుట్టుకతోనే మనిషిని నేరస్తుణ్ణి చేసింది. అది 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చాక, ఎరుకలవాళ్లని అక్కడ సెటిల్‌మెంటులో నిఘా కింద ఉంచారు. దేశమంతటా చట్టం 1952లో రద్దయింది. ఊరి పేరు చెబితే అనుమానంగా చూడటం మాత్రం చట్టంతో పోలేదు. పట్నంలో రౌడీషీటు ఉన్నవాడికి పని దొరకడం ఎంత కష్టమో అడిగి చూడండి. నేరం వల్ల ముద్ర పడటమే కాదు, ముద్ర వల్ల దారులు మూసుకుపోవడం కూడా కనిపిస్తుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. ‘నువ్వేం దొంగతనం చేశావు’ అని ఏ కుర్రాణ్ణీ అడగొద్దు. మీ నోట్‌బుక్ రేపు ఎవరి చేతిలోనైనా పడొచ్చు. పేర్లు, ఇంటి నంబర్లు రాసుకోవద్దు, బస్తీ పేరు కూడా మార్చండి. ప్రాజెక్టు ఇచ్చేముందు మీతో మాట్లాడినవాళ్ల దగ్గరికి వెళ్లి తెలుగులో చదివి వినిపించండి. ‘ఈ ముక్క వల్ల మా వాడికి ఇబ్బంది’ అని ఎవరైనా అంటే దాన్ని తీసేయండి. ఆ వాక్యం మీకు ఎంత నచ్చినా సరే.