ల్వార్ నది వెంట సైకిల్ మీద తీరిగ్గా వారం రోజులు తిరగడం ఎలా?

ఫ్రాన్స్‌లో సైకిల్ అనగానే చాలామందికి టూర్ డి ఫ్రాన్స్, ఆల్ప్స్ కొండలు, చెమటలు కక్కే రేసర్లు గుర్తొస్తారు. అదే దేశంలో బామ్మలు, చిన్నపిల్లలు కూడా హాయిగా తొక్కుకుంటూ వెళ్లే దారులూ ఉన్నాయి. వాటిలో నాకు బాగా నచ్చినది ల్వార్ నది దారి. నెవేర్ పట్టణం దగ్గర మొదలై అట్లాంటిక్ సముద్రం దాకా సుమారు 900 కిలోమీటర్లు సాగుతుంది. నల్ల సముద్రం వరకు వెళ్లే యూరోవెలో 6 అనే పెద్ద సైకిల్ మార్గంలో ఇదొక భాగం.

ల్వార్ ఫ్రాన్స్‌లో అన్నిటికంటే పొడవైన నది. వేసవిలో నీళ్లు తగ్గి, మధ్యలో ఇసుక తిన్నెలు, లంకలు బయటపడతాయి. వరదల నుంచి ఊళ్లను కాపాడటానికి వందల ఏళ్ల కిందట కట్టిన గట్లు ఒడ్డు పొడవునా ఉన్నాయి. గోదావరి ఏటిగట్టు మీద సైకిల్ తొక్కినవాళ్లకు ఈ దారి కొత్తగా అనిపించదు. చాలాచోట్ల గట్టు మీదో, దాని పక్కనున్న చిన్న రోడ్ల మీదో వెళ్తుంటాం. కార్లు తక్కువ, ఎత్తుపల్లాలు ఇంకా తక్కువ.

ముందు ఒక చిన్న ముక్క ఎంచుకోండి

మొత్తం 900 కిలోమీటర్లు పూర్తి చేయాలని పెట్టుకుంటే రోజూ దూరం లెక్కలతోనే సరిపోతుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు బ్లువా నుంచి సోమూర్ వరకు ఉన్న భాగం చాలు. కోటలు, తోటలు, ద్రాక్ష పొలాలు, గుహ ఇళ్లు అన్నీ ఇక్కడే దగ్గరదగ్గరగా ఉంటాయి. ఈ భాగమంతా యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించిన ప్రాంతంలోనే ఉంది.

రోజుకు 30 నుంచి 40 కిలోమీటర్లకు మించి పెట్టుకోకండి. ఇంకా తొక్కగలం అనిపించినా సరే. గంటకు 12 కిలోమీటర్ల చొప్పున చూసుకున్నా అది మూడు గంటల పని. మిగతా సమయం చెట్టు కింద కూర్చోవడానికి, ఒక కోట చూడటానికి, భోజనానికి. రోజుకు ఒక్క కోటే అన్నది నా గట్టి సలహా. రెండో కోటకు వచ్చేసరికి గదులన్నీ ఒకేలా కనిపిస్తాయి, టికెట్ డబ్బులు వృథా.

ఎప్పుడు వెళ్లాలి, ఏం సిద్ధం చేసుకోవాలి

మే, జూన్, సెప్టెంబర్ నెలలు మంచివి. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాటినా వెలుతురు ఉంటుంది కాబట్టి చీకటి పడుతుందన్న టెన్షన్ ఉండదు. జులై, ఆగస్టు నెలల్లో ఫ్రెంచ్ వాళ్లకు సెలవులు. గదులు దొరకడం కష్టం, ఎండా ఎక్కువే. చలికాలం చివర వరద వస్తే గట్టు కింది దారులు కొన్ని మునుగుతాయి.

ఇండియా నుంచి వెళ్లేవాళ్లకు షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపోయే ఇన్సూరెన్స్ తప్పనిసరి. రోజూ ఊరు మారుతుంటాం కాబట్టి ఏ రాత్రి ఎక్కడ ఉంటామో ఒక కాగితం మీద స్పష్టంగా రాసి, బుకింగులు జత చేయండి.

శరీరాన్ని కూడా కాస్త సిద్ధం చేయాలి. కాళ్ల కంటే ముందు ఇబ్బంది పెట్టేది సీటు. నెల రోజుల ముందు నుంచి వారాంతాల్లో వరుసగా రెండు రోజులు 25 కిలోమీటర్ల చొప్పున తొక్కండి. ఒక్క రోజు తొక్కడం ఎవరైనా చేస్తారు, మర్నాడు మళ్లీ సీటెక్కినప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. హైదరాబాద్ వాళ్లకు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో ప్రారంభమైన సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ ఇందుకు బాగా పనికొస్తుంది. లోపల మెత్త ఉన్న సైక్లింగ్ నిక్కర్లు రెండు కొనుక్కోండి. వాటి కింద లోదుస్తులు వేసుకోకూడదు, కుట్లు ఒరుసుకుని పుండ్లు పడతాయి.

సైకిల్ అక్కడే అద్దెకు తీసుకోండి

విమానంలో సొంత సైకిల్ మోసుకెళ్లడం ఈ ప్రయాణానికి అనవసరం. ఈ దారిలో ఒక ఊళ్లో సైకిల్ తీసుకుని మరో ఊళ్లో ఇచ్చేసే అద్దె దుకాణాలు ఉన్నాయి. కొందరు మన బ్యాగులను ప్రతి రోజూ తర్వాతి బసకు వ్యానులో చేరుస్తారు కూడా. పారిస్ ఆస్తెర్లిట్జ్ స్టేషన్ నుంచి బ్లువాకు రైల్లో సుమారు గంటన్నర. సైకిల్ బ్లువాలోనే తీసుకుంటే రైల్లో దాన్ని ఎక్కించే బాధ ఉండదు.

అడగాల్సింది టూరింగ్ సైకిల్. హ్యాండిల్ నిటారుగా ఉండాలి, టైర్లు కాస్త వెడల్పుగా ఉండాలి, వెనక క్యారియర్‌కు రెండు వైపులా బ్యాగులు తగిలించే వీలుండాలి. దారిలో కంకర ముక్కలు వస్తాయి, సన్నటి రేసింగ్ టైర్లు పనికిరావు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు సందేహించకుండా ఎలక్ట్రిక్ సైకిల్ తీసుకోవచ్చు. దాని మోటారు గంటకు 25 కిలోమీటర్ల వరకే సాయం చేస్తుంది, మన వేగానికి అది చాలా ఎక్కువ.

దుకాణం వదలకముందే సీటు ఎత్తు సరిచేయించుకోండి. మడమ పెడల్ మీద పెట్టి కిందికి నొక్కినప్పుడు కాలు దాదాపు నిటారుగా రావాలి. బ్రేకులు, గేర్లు, లైట్లు, బెల్ చూసుకోండి. తాళం, పంపు, ఒక అదనపు ట్యూబ్ ఇచ్చారో లేదో అడగండి.

రోడ్డు మీద తెలియాల్సినవి

అక్కడ కుడివైపు వెళ్లాలి. మొదటి రోజు ప్రతి మలుపు దగ్గర, ముఖ్యంగా ఆగి మళ్లీ బయలుదేరేటప్పుడు, అలవాటు మనల్ని ఎడమకు లాగుతుంది. ఇంకో నియమం మనకు బొత్తిగా కొత్త: ఏ గుర్తూ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే బండికి దారి ఇవ్వాలి. అది చిన్న సందులోంచి వచ్చినా సరే. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని సైకిల్ తొక్కితే 135 యూరోల జరిమానా. 12 ఏళ్ల లోపు పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి. పెద్దలకు కాకపోయినా పెట్టుకోండి. ఊరి బయట చీకట్లో తొక్కితే మెరిసే జాకెట్ వేసుకోవాలి. ప్రమాదం జరిగితే 112కు ఫోన్ చేయాలి.

దారి వెతుక్కునే పని పెద్దగా ఉండదు. ఆకుపచ్చ సైకిల్ బొమ్మ ఉన్న తెల్లటి చిన్న బోర్డులు మలుపు మలుపునా కనిపిస్తాయి. చాలాసేపు బోర్డు కనిపించలేదంటే మలుపు దాటిపోయినట్టే, వెనక్కి తిరగండి. గాలి ఎక్కువగా పడమర నుంచి, అంటే మనకు ఎదురుగా వీస్తుంది. పొద్దున్నే బయలుదేరితే ఆ ఇబ్బంది తక్కువ.

వారం ఇలా పెట్టుకోండి

మొదటి రెండు రాత్రులు బ్లువాలోనే ఉండండి. బరువు లేకుండా అడవి దారిన షాంబోర్ కోటకు వెళ్లి రావడం మంచి ట్రయల్. మొదటి ఫ్రాన్సిస్ రాజు 1519లో మొదలుపెట్టించిన కోట ఇది. దాని మధ్యలో ఒకదాన్నొకటి చుట్టుకుని పైకి వెళ్లే రెండు మెట్ల వరుసలున్నాయి. ఒకరు ఎక్కుతూ, ఇంకొకరు దిగుతూ కూడా ఎదురుపడరు. పిల్లలుంటే అక్కడే గంట గడిచిపోతుంది.

తర్వాత ఆంబ్వాజ్, సుమారు 40 కిలోమీటర్లు. సగం దూరంలో షోమోన్ కోట వస్తుంది, ఏప్రిల్ నుంచి అక్కడ ఉద్యానవనాల ఉత్సవం జరుగుతుంది. నది వదిలి తోటల్లోకి ఎక్కే చోట కాస్త దమ్ము కావాలి, కష్టమైతే దిగి నడిపించుకుంటూ వెళ్లండి.

ఆంబ్వాజ్‌లోనూ రెండు రాత్రులు ఉండండి. లియోనార్డో డావిన్చీ చివరి మూడేళ్లు ఈ ఊళ్లోని క్లో లూసే భవనంలో గడిపి, 1519లో అక్కడే కన్నుమూశాడు. ఇక్కడి నుంచి షెనోన్సోకు వెళ్లి రావచ్చు. మొత్తం దారిలో ఒకే ఒక్క కోట చూడగలిగితే నేను షెనోన్సోనే చూడమంటాను. షేర్ నది మీద వంతెనలా ఆ ఒడ్డుకు సాగిన పొడవైన హాలు దాని ప్రత్యేకత. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ హాలు ఆసుపత్రి అయింది. రెండో యుద్ధంలో ఆ నదే జర్మన్ల ఆక్రమణలోని భాగానికి సరిహద్దు. హాలుకు ఒక తలుపు ఆక్రమణ వైపు, రెండోది అవతలి వైపు ఉండటంతో కొందరు ఆ హాలు గుండానే తప్పించుకున్నారు. ఆ నేల మీద నడుస్తుంటే ఆ సంగతి గుర్తు చేసుకోండి.

ఆంబ్వాజ్ నుంచి తూర్ నగరం సుమారు 30 కిలోమీటర్లు, సులువైన రోజు. తూర్ దాటాక విలాంద్రీ వస్తుంది. కోట లోపలికి వెళ్లకపోయినా తోట టికెట్ మాత్రం తీసుకోండి. కూరగాయల మడులను రంగుల లెక్కన ముగ్గు వేసినట్టు నాటారు. ఆ రాత్రి ఆజే-ల-రిదోలో ఉండి, మర్నాడు షినోన్ చేరవచ్చు. చివరి రోజు షినోన్ నుంచి కాంద్-సాఁ-మార్తాఁ మీదుగా సోమూర్. కాంద్ దగ్గర వియెన్ నది ల్వార్‌లో కలుస్తుంది. ఊరి పైనున్న గుట్ట ఎక్కితే ఆ సంగమం మొత్తం కనిపిస్తుంది, సైకిల్ కింద తాళం వేసి నడిచి వెళ్లండి. అక్కడి నుంచి సోమూర్ వరకు తెల్లటి మెత్తని రాతిలో తొలిచిన ఇళ్లు. కోటలకు రాయి తవ్విన గనుల్లో కొన్నింట్లో ఇప్పుడు పుట్టగొడుగులు పెంచుతున్నారు.

తిండి, నీళ్లు, బస

మనవాళ్లు నిజంగా ఇబ్బందిపడేది ఇక్కడే. పల్లెల్లో భోజనం మధ్యాహ్నం 12 నుంచి 2 లోపే దొరుకుతుంది. రెండు దాటితే వంటగది మూసేస్తారు, ఎంత బతిమాలినా లాభం లేదు. మళ్లీ రాత్రి ఏడు తర్వాతే. ఆదివారం మధ్యాహ్నం నుంచి దుకాణాలు మూత, సోమవారం చాలా బేకరీలు, హోటళ్లు కూడా మూత. అందుకే శనివారం సాయంత్రమే సోమవారం దాకా సరిపోయే పండ్లు, రొట్టె, గింజలు బ్యాగులో పెట్టుకోండి.

శాకాహారులు సలాడ్ తెప్పించుకునేటప్పుడు కూడా అడగాలి. మేక పాల చీజ్ సలాడ్‌లో పంది మాంసం ముక్కలు కలపడం అక్కడ మామూలే. "సాఁ వియాండ్, సాఁ ప్వాసోఁ" అంటే మాంసం, చేప వద్దని. ఇంకో మాట: సంప్రదాయ చీజ్‌లు చాలావాటిలో పాలను విరగ్గొట్టడానికి దూడ కడుపు నుంచి తీసిన రెనెట్ వాడతారు. పట్టింపు ఉన్నవాళ్లు చీజ్ మానేసి రొట్టె, టమాటా, పండ్లతో సరిపెట్టుకోవచ్చు. సోమూర్ వైపు ఫువే అనే పొంగిన వేడి రొట్టెలో ఉడికించిన తెల్ల చిక్కుడు గింజలు పెట్టి ఇస్తారు. మాంసం లేకుండా చేశారో లేదో అడిగి తినండి, కడుపు నిండుతుంది. ఇంటి నుంచి కందిపొడి తీసుకెళ్లవచ్చు. నెయ్యి, పాలకోవా వద్దు, పాల పదార్థాలను బయటి నుంచి యూరప్‌లోకి తేనివ్వరు.

నీళ్లు కొనాల్సిన పని లేదు. పల్లెటూరి శ్మశానాల గేటు దగ్గర దాదాపు ఎప్పుడూ కొళాయి ఉంటుంది, అక్కడి సైక్లిస్టులంతా సీసాలు అక్కడే నింపుకుంటారు. సంకోచించకండి. "నోఁ పొటాబ్ల్" అని బోర్డుంటే మాత్రం తాగకూడదు.

బసకు "అక్కెయ్ వేలో" గుర్తున్న చోట్లు వెతకండి. అవి సైకిల్ దారికి ఐదు కిలోమీటర్ల లోపే ఉంటాయి, సైకిల్ పెట్టుకోవడానికి భద్రమైన చోటు ఇస్తారు. పల్లె ఇళ్లలో అద్దెకిచ్చే గదులు నాకు హోటళ్ల కంటే ఇష్టం. అద్దెలోనే పొద్దుటి టిఫిన్ కలిసి ఉంటుంది, ముందుగా చెబితే కొందరు రాత్రి భోజనమూ వండిపెడతారు. మీరు ఏం తినరో బుక్ చేసేటప్పుడే రాయండి. దుకాణంలోకైనా, ఇంట్లోకైనా అడుగుపెట్టగానే ముందు "బోంజూర్" అనండి. అది అనకుండా నేరుగా విషయంలోకి దిగితే మర్యాద తెలియనివాళ్లని అనుకుంటారు.

సోమూర్‌లో సైకిల్ ఇచ్చేసి, ప్రాంతీయ రైల్లో ఆంజే లేదా తూర్ చేరి, అక్కడి నుంచి టీజీవీ అనే హైస్పీడ్ రైల్లో పారిస్ వెళ్లవచ్చు. ఇంకో రెండు రోజులు చేతిలో ఉంటే సైకిల్‌ను ఆంజేలో ఇచ్చేలా ముందే మాట్లాడుకుని, నది వెంటే ముందుకు సాగండి.