సైకలాజికల్ థ్రిల్లర్ ఓపెనింగ్ తేలిపోతోందా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

ప్రాజెక్టు కోసం రెండు నిమిషాల థ్రిల్లర్ ఓపెనింగ్ తీసే స్టూడెంట్ టీములకు అసలు కంగారు ఎడిటింగ్‌కి కూర్చున్నాక మొదలవుతుంది. కానీ అక్కడ బయటపడే తప్పుల్లో చాలావరకు కాగితం మీద ఉన్నప్పుడే సరిచేసుకోగలిగినవి.

సమస్య: చూసినవాళ్లంతా "ట్రైలర్ బాగుంది" అంటున్నారు

కారణం: హత్య, పాత జ్ఞాపకం, పోలీసు, పరుగు, అన్నీ ఆ రెండు నిమిషాల్లోనే కుక్కేశారు. స్క్రిప్టులో ఒక పేజీ అంటే తెరమీద దాదాపు ఒక నిమిషం, అంటే మీ చేతిలో ఉన్నవి రెండు పేజీలే.

పరిష్కారం: ఒక మనిషి, ఒక గది, అక్కడ ఉండకూడని ఒక్క వస్తువు. మిగతాదంతా కొట్టేయండి. బాధగానే ఉంటుంది, అయినా కొట్టేయండి.

సమస్య: థ్రిల్లర్ అనుకుని తీస్తే హారర్ అయింది

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. మాస్కు, కత్తి, తలుపు వెనక నీడ పెట్టగానే ప్రమాదం బయటినుంచి వస్తోందని ప్రేక్షకుడికి తెలిసిపోతుంది, ఇక ఆ పాత్ర మనసులో ఏం జరుగుతోందో అతనికి అనవసరం. సైకలాజికల్ థ్రిల్లర్‌లో చూసేవాడికి ఒకేసారి రెండు అనుమానాలు రావాలి, రెండూ నమ్మదగ్గవే అయి ఉండాలి.

ఉదాహరణకి, ఒంటరిగా ఉండే అమ్మాయి పొద్దున్నే లేచి బాత్రూంలోకి వెళ్తుంది. గ్లాసులో రెండు బ్రష్షులున్నాయి. తన బ్రష్ తీసుకుంటూ ఆగి, రెండోదాని కుచ్చు మీద బొటనవేలితో రాస్తుంది. వేలికి తడి అంటుతుంది. తనది మాత్రం పొడిగా ఉంది. ఇంట్లో ఇంకెవరో ఉన్నారా, లేక తనే వాడి మర్చిపోయిందా? ఈ రెంటిలో ఏదో తేల్చకుండా వదిలేస్తే మీ ఓపెనింగ్ సగం నిలబడినట్టే.

ఇక్కడే ఇంకో నిర్ణయం ఉంది: ఆ తడి ముందు ఎవరికి కనిపించాలి, ఆమెకా, మనకా? బల్ల కింద బాంబు ఉదాహరణతో సినిమా దర్శకుడు హిచ్‌కాక్ చెప్పింది ఇదే. బాంబు ఉన్నట్టుండి పేలితే కొన్ని క్షణాల ఉలికిపాటు, అది అక్కడుందని మనకు ముందే తెలిస్తే బల్ల దగ్గర మామూలు కబుర్లు నడుస్తున్నంతసేపూ టెన్షన్. కాబట్టి ఆమె ఇంకా మంచం మీద ఉండగానే బ్రష్ కొసనుంచి జారే నీటిబొట్టు మనకు చూపించొచ్చు. నేనైతే అలాగే చేస్తాను.

ఒక్క మాట, పాత్రకి ఏదో మానసిక జబ్బు పేరు తగిలించి, "అందుకే ఇలా చేస్తోంది" అని తేల్చేయకండి. ఆ జబ్బుతో నిజంగా బతుకుతున్నవాళ్లకి అది అన్యాయం, కథకీ బలం ఇవ్వదు.

సమస్య: ఫ్రెండ్ నటన అతిగా ఉంది

కారణం: భయమంతా ముఖంలోనే చూపించమని మీరే అడిగారు. ఒకే ముఖాన్ని, ఏ భావమూ మార్చకుండా, ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఇంకోసారి శవపేటిక పక్కన అతికిస్తే చూసేవాళ్లకి ఒకచోట ఆకలి, ఇంకోచోట దుఃఖం కనిపించాయన్న సోవియట్ దర్శకుడు కులెషోవ్ ప్రయోగం సినిమా చదివేవాళ్లందరికీ తెలిసిందే.

పరిష్కారం: ముఖం ఖాళీగా ఉంచమనండి. బొటనవేలి క్లోజప్ తర్వాత అదే ముఖం వేయండి. భయం దానంతటదే వస్తుంది.

సమస్య: చీకటి సీన్లు మసకగా, చుక్కలు చుక్కలుగా ఉన్నాయి, లైటు మినుకుతోంది

కారణం: లైట్లు తీసేసి తీశారు. వెలుతురు చాలక కెమెరా ఐఎస్ఓ (వెలుతురుకి స్పందించే స్థాయి) పెంచేసింది, అందుకే ఆ చుక్కలు. మినుకు వచ్చేది షట్టర్ స్పీడు (ఒక్కో ఫ్రేముకి వెలుతురు పడే సమయం) కరెంటుతో కుదరకపోవడం వల్ల.

పరిష్కారం: కరెంటు 50 హెర్ట్జ్ ఉన్న చోట సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను, 60 హెర్ట్జ్ అయితే షట్టర్ 1/60 సెకను. ఫ్రేములోనే కనిపించే ఒక టేబుల్ ల్యాంపు పెట్టి, మిగతా గదిని నీడకు వదిలేయండి. ఫోనుతో తీస్తుంటే ఎక్స్‌పోజర్ (వెలుతురు), వైట్ బ్యాలెన్స్ (రంగు) సర్దుబాట్లు లాక్ చేయడం మర్చిపోవద్దు, లేదంటే షాట్ మధ్యలో గది రంగు మారిపోతుంది.

సమస్య: మ్యూజిక్ తీసేస్తే ఏమీ మిగలట్లేదు

కారణం: శబ్దాన్ని ఎవరూ ప్లాన్ చేయలేదు.

పరిష్కారం: షాట్ లిస్టులో ప్రతి షాట్ పక్కన "ఏం వినిపిస్తుంది" అని ఇంకో గడి గీయండి. కొళాయి చుక్క, ఫ్యాను, ఊపిరి. ఫోన్‌ని వీటి దగ్గర పెట్టి విడిగా రికార్డు చేయండి. షూటింగ్ చేసిన గదిలో అందరూ కదలకుండా నిలబడి, ఖాళీ గది శబ్దం కూడా ఒక అర నిమిషం తీసుకోండి, అది లేకపోతే కట్ కట్‌కీ వెనక నిశ్శబ్దం మారిపోయి చెవికి తెలిసిపోతుంది. ఇక సంగీతం ఎక్కడ ఆగాలో ముందు రాసుకోండి, ఎక్కడ మొదలవ్వాలో తర్వాత.

సమస్య: నిడివి మూడు నిమిషాలు దాటింది, పేర్లు వేయడానికి చోటు లేదు

కారణం: స్టోరీబోర్డు (షాట్ల వరుస బొమ్మలు) గీశారు గానీ టైం చూసుకోలేదు. షాటుకి సగటున నాలుగు సెకన్లు అనుకున్నా రెండు నిమిషాలకి ముప్ఫై షాట్లే పడతాయి.

పరిష్కారం: గీసిన బొమ్మల్ని ఫోన్‌లో ఫొటోలు తీసి, ఒక్కోదాన్ని అనుకున్నంతసేపు ఉంచి, కొళాయి చప్పుడూ పేర్లూ కలిపి ఒక కచ్చా వీడియో చేయండి. పేర్లకి ఫ్రేములో ఖాళీ జాగా ఉండే షాట్లు ఏవో అప్పుడే తెలుస్తాయి. కథ తెలియని ఒకరికి చూపించండి, మీరేమీ వివరించొద్దు. అయిపోగానే వాళ్లు "ఇంతకీ ఆ రెండో బ్రష్ ఎవరిది?" అని అడిగితే కెమెరా బయటికి తీయొచ్చు.