కాలవ రేవులోకి పిల్లల్ని దింపే ముందు

మా ఇల్లు అమలాపురం దగ్గర, కాలవ గట్టు మీదే. వేసవిలో కాలవ కట్టేసి పూడిక తీస్తే గుంటలు పడతాయి. జూన్‌లో నీళ్లు వదిలాక, పాత రేవే కదా అని పిల్లలు దూకేస్తారు. నిరుడు మొలలోతు ఉన్నచోట ఇప్పుడు మనిషి లోతు ఉండొచ్చు. ముందు నేను గెడ వేసి చూస్తాను, తర్వాతే మా మనవడు దిగేది. కాలవ నీళ్లు ఆపి వదిలే తలుపులుంటాయే, ఆ లాకుల దగ్గరికైతే అసలు పంపను.

మునిగేవాడు కేకలు పెడతాడనుకోకండి. తల వెనక్కి వాలి, నోరు నీటి మట్టానికి వచ్చి, చప్పుడు లేకుండా పోతాడు. మీరు దూకొద్దు, కంగారులో మిమ్మల్నీ ముంచేస్తాడు. గట్టున బోర్లా పడుకుని గెడ అందించండి. విసిరితే పట్టుకుని తేలడానికి, మా రేవు చెట్టుకి మూత బిగించిన ఖాళీ నూనె క్యాన్, తాడుతో సహా వేలాడదీశాను. ఎవరో రెండుసార్లు పట్టుకుపోయారు, మళ్లీ కట్టాను.

బయటికి తీశాక పొట్ట నొక్కడం, కాళ్లు పట్టి గిరగిరా తిప్పడం వద్దు. ఒకరిని 108కి ఫోన్ చేయమనండి. ఊపిరి లేకపోతే ముక్కు మూసి నోట్లోకి రెండుసార్లు ఊది, ఛాతీ మధ్యలో గట్టిగా 30 సార్లు నొక్కండి. అంబులెన్స్ వచ్చేదాకా అదే వరస. లేచి కూర్చున్నా సరే, ఆసుపత్రికి తీసుకెళ్లండి.