జర్మన్ సైనికుల పాత ఆల్బంలలో యూనిట్ గుర్తులు: సమస్య - పరిష్కారం

రెండవ ప్రపంచ యుద్ధంలోని జర్మన్ సైనికుల ఆల్బం చేతికొస్తే ముందుగా ఒక జాగ్రత్త. ఫోటోలు ఊడదీయకముందే ప్రతి పేజీనీ మొత్తంగా స్కాన్ చేసుకోండి. ఫోటోల వరుస, కింద రాసిన ఊరి పేర్లు తేదీని పట్టిస్తాయి. తేదీ తెలియకుండా ఏ గుర్తునీ నమ్మకూడదు.

సమస్య: ఒకే ఆల్బంలో మూడు డివిజన్ల గుర్తులు.
సైనికులు ప్రింట్లు ఒకరికొకరు ఇచ్చుకునేవారు. దారి పక్కన కాలిపోయిన టాంకు ఎవరిదైనా ఫోటో తీసేవారు. అందుకని ఆల్బం యజమాని ముఖం కనిపించే ఫోటోలను విడిగా పెట్టి, వాటిలోని వాహనాలు, భుజపట్టీలతో మొదలుపెట్టండి. మిగతావి తర్వాత.

సమస్య: టాంకు గుర్తు స్పష్టంగానే ఉంది, డివిజన్ మాత్రం కుదరడం లేదు.
ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. 1940లో ఫ్రాన్స్ యుద్ధం ముగిశాక పాంజర్ (టాంకు) డివిజన్ల గుర్తులు మార్చేశారు. తలకిందులైన 'వై' పక్కన మూడు చుక్కలుంటే అది ఫ్రాన్స్‌లో ఉన్న 7వ పాంజర్ డివిజన్. చుక్కల్లేని తలకిందుల 'వై' 1941 రష్యా ఫోటోలో ఉంటే 1వ పాంజర్ డివిజన్. అప్పటికి 7వది నిటారు 'వై'కి మారింది. 1వ డివిజన్‌ది అంతకుముందు ఓక్ ఆకు. తెల్లటి 'జి' (జనరల్ గుడేరియన్), 'కె' (జనరల్ క్లైస్ట్) అక్షరాలు డివిజన్‌వి కావు, ఆ జనరళ్ల కింద పలు డివిజన్లు కలిసిన పై గ్రూపువి. టరెట్ (టాంకు పైన తిరిగే ఫిరంగి గది) మీది 432 అంటే 4వ కంపెనీ, 3వ ప్లాటూన్, 2వ టాంకు. డివిజన్ సంగతి అది చెప్పదు.

సమస్య: భుజపట్టీ అంచు నల్లగా ఉంది. ఇంజనీర్లా, ఫిరంగి దళమా?
అంచు రంగు దళాన్ని చెబుతుంది: ఇంజనీర్ల దళానిది నలుపు, ఫిరంగి దళానిది ఎరుపు. ఆర్థోక్రోమాటిక్ అనే పాత రకం నలుపు-తెలుపు ఫిల్మ్‌కు ఎరుపు కనబడదు కాబట్టి రెండూ నల్లగానే పడతాయి. రంగు మీద పందెం కట్టకుండా పక్కన ఫిరంగులు, గుర్రపు బండ్లు, వంతెన సామాను ఏముందో చూడండి. భుజపట్టీ మీద రెజిమెంట్ అంకె కనిపిస్తే ఫోటో బహుశా యుద్ధానికి ముందుదో, తొలి నెలలదో. తర్వాత అంకెలు తీయించారు, లేదా తొడుగుతో కప్పించారు.

సమస్య: గుర్తు ఏ పట్టికలోనూ లేదు.
నెగెటివ్‌ను తిప్పి ప్రింట్ చేశారేమో చూడండి. సైన్యం కోటు మీద డేగ చిహ్నం సైనికుడి కుడి రొమ్మున ఉంటుంది. ఎడమ రొమ్మున కనిపిస్తే ఫోటో తిరగబడినట్టే. ఎస్ఎస్ (నాజీ పార్టీ సాయుధ దళం) వాళ్లకు ఈ పరీక్ష పనికిరాదు, వాళ్ల డేగ ఎడమ చేతి మీద.

సమస్య: వెనక రాతలోని యూనిట్ అర్థం కావడం లేదు.
పాత జర్మన్ చేతిరాతలో 'ఐ', 'జె' ఒకేలా ఉంటాయి. 'జె.ఆర్.' అని కనిపించేది ఇన్ఫాంట్రీ (పదాతి) రెజిమెంటే. ముందున్న రోమన్ అంకె బెటాలియన్‌ది, మామూలు అంకె కంపెనీది. 1 నుంచి 4 కంపెనీలు మొదటి బెటాలియన్, 5 నుంచి 8 రెండవది, 9 నుంచి 12 మూడవది. 13వది పదాతిదళ ఫిరంగులది, 14వది టాంకు విధ్వంసక ఫిరంగులది. 'జి.ఆర్.' (గ్రెనెడియర్ రెజిమెంట్) అని ఉంటే 1942 అక్టోబరు తర్వాతి రాత అనుకోవచ్చు. ఆ నెలలోనే పదాతి రెజిమెంట్ల పేరు మార్చారు.

ఐదంకెల ఫెల్డ్‌పోస్ట్ (సైనిక తపాలా) నంబరు దొరికితే తేదీతో కలిపి వెతకండి, ఒకే నంబరును వేరువేరు కాలాల్లో వేరే యూనిట్లకూ ఇచ్చారు. యజమాని పేరు, పుట్టిన తేదీ తెలిస్తే జర్మనీ ఫెడరల్ ఆర్కైవ్స్‌ను అడగండి. బెర్లిన్‌లోని పాత సైనిక వ్యక్తిగత రికార్డులు 2019 నుంచి వాళ్ల దగ్గరే ఉన్నాయి.