సీమ నుంచి సీరియల్ నటి కావాలంటే: హైదరాబాద్‌లో రూమ్ తీసుకోకముందే చేసుకోవాల్సిన పనులు

నటి కావాలనుకోగానే చాలామంది చేసే మొదటి పని బ్యాగు సర్దుకుని కృష్ణానగర్‌లోనో యూసుఫ్‌గూడలోనో హాస్టల్ వెతుక్కోవడం. నిజానికి అది చివరికి చేయాల్సిన పని. హాస్టల్ అద్దె, తిండి, ఆటో ఖర్చు కలిసి చేతిలో డబ్బంతా కరిగిపోయాక, ఏ పాత్రయినా సరే, ఎంతిచ్చినా సరే అనే స్థితికి వస్తారు. ఆ స్థితి కోసమే కాచుకుని ఉండేవాళ్లు అక్కడ తక్కువేం లేరు.

కర్నూలు నుంచి హైదరాబాద్ సుమారు 210 కిలోమీటర్లు. తెల్లవారుజామున బస్సెక్కితే ఆడిషన్ ముగించుకుని రాత్రికి ఇంటికి చేరొచ్చు. అనంతపురం వాళ్లకు రాత్రి బస్సులున్నాయి. కడప వాళ్లు వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌లో పడుకుంటే పొద్దున కాచిగూడలో దిగొచ్చు. కాబట్టి ఆడిషన్ల దశంతా ఇంటి నుంచే నడపండి. షూటింగ్ డేట్లు ఖరారయ్యాకే రూమ్.

మాట

ముఖం కన్నా ముందు మాట సంగతి చూసుకోవాలి. తెలుగు సీరియళ్లలో హీరోయిన్లుగా బెంగళూరు నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు డబ్బింగ్ ఆర్టిస్టు గొంతిస్తారు. కానీ వదిన, పిన్ని, ఆడపడుచు, పక్కింటావిడ లాంటి పాత్రలకు తెలుగు గడగడా వచ్చినవాళ్లుంటే యూనిట్‌కు సగం పని తగ్గుతుంది. సీమ అమ్మాయికి తలుపు తెరుచుకునేది ఎక్కువగా ఇక్కడే.

“యాడికి పోతాండావు”, “ఏంటికి” అనే యాసను పోగొట్టుకోవద్దు. అయితే దాన్ని కావాలన్నప్పుడు తెచ్చుకుని, వద్దన్నప్పుడు ఆపుకోగలగాలి. రోజూ ఒకే పేరాను రెండుసార్లు చదివి ఫోన్‌లో రికార్డు చేయండి: ఒకసారి పత్రిక భాషలో, ఒకసారి ఇంట్లో మాట్లాడినట్టు. విన్నప్పుడు రెండు చోట్ల చెవి పెట్టండి. ఒకటి ళ, ణ, శ, ష పలికే తీరు. రెండోది వాక్యం చివర. మన దగ్గర వాక్యం చివర గొంతు పైకి లేస్తుంది. మామూలు మాటల్లో అది బాగానే ఉంటుంది కానీ క్లోజప్‌లో నిలదీసినట్టు వినిపిస్తుంది.

నాటకం అనుభవం ఉంటే మంచిదే. 1885లో సురభి నాటకాలు మొదలైంది కడప జిల్లాలోనే. ప్రొద్దుటూరులో పుట్టిన శాంతకుమారి 1930లలోనే తెలుగు సినిమాల్లో కథానాయిక. అనంతపురం లలిత కళా పరిషత్‌లోనో కర్నూలు టీజీవీ కళాక్షేత్రంలోనో నాటకాలు వేసేవాళ్లను కలిస్తే చిన్న వేషమైనా దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త: స్టేజీ గొంతు చివరి వరుస దాకా వెళ్లాలి, కెమెరా గొంతు ఎదురుగా కూర్చున్న మనిషికి వినబడితే చాలు. నాటకం నుంచి వచ్చినవాళ్లు మొదటి ఆడిషన్‌లో ఖాళీ చేతులతో తిరిగి రావడానికి ఎక్కువగా ఇదే కారణం. కనుబొమ్మలు కూడా గొంతుతో పాటే పైకి లేస్తాయి.

హిందూపురం, మడకశిర వైపు వాళ్లకు కన్నడం వస్తుంది కదా, ఆ సంగతి ప్రొఫైల్‌లో మొదటి వరుసలోనే రాయండి. అనంతపురం నుంచి బెంగళూరు కూడా దాదాపు 210 కిలోమీటర్లే. హైదరాబాద్ కన్నా దగ్గర. కన్నడ సీరియళ్లకూ టేపు, అంటే ఇంట్లోనే తీసుకున్న ఆడిషన్ వీడియో, పంపొచ్చు.

ఫోటోలు, సెల్ఫ్ టేప్

స్టూడియో ఆల్బమ్‌కు వేలకు వేలు పోయొద్దు. ఆరు ఫోటోలు చాలు: నవ్వుతూ ఒక క్లోజ్, నవ్వు లేకుండా ఒకటి, ఎడమ ప్రొఫైల్ (పక్క నుంచి ముఖం), కుడి ప్రొఫైల్, చీరలో నిలువెత్తు ఒకటి, మామూలు డ్రెస్సులో నిలువెత్తు ఒకటి. ఫిల్టర్ వాడకూడదు. ఫోటోలో ఉన్న రంగు, చర్మం ఎదురుగా లేకపోతే తలుపు దగ్గర నుంచే వెనక్కి పంపేస్తారు.

టేపు ఇలా తీయండి. ఫోన్ అడ్డంగా పెట్టి, వెనక కెమెరాతో 1080పీలో తీయాలి. ఫోన్ మీ కంటి ఎత్తులో, ఐదారు అడుగుల దూరంలో ఉండాలి. స్టాండ్ లేకపోతే స్టూలు మీద పుస్తకాలు పేర్చినా సరిపోతుంది. కిటికీ మీ ముందు ఉండాలి, వెనక కాదు. వెనక ఉంటే ముఖం నల్లగా పడుతుంది. గోడ లేత రంగుది, క్యాలెండర్లూ దేవుడి పటాలూ లేనిది చూసుకోండి. ఫ్యాన్ ఆపాలి. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లలో అది మాటలా? అందుకే పొద్దున ఆరున్నర, ఎనిమిది మధ్య ముగించండి. వెలుతురూ అప్పుడే మెత్తగా ఉంటుంది, వీధిలో శబ్దమూ తక్కువ. గది ఖాళీగా ఉంటే గొంతు మోగుతుంది. కెమెరాకు కనబడని వైపు రెండు దుప్పట్లు వేలాడదీస్తే ఆ మోత పోతుంది.

మొదటి 20 సెకన్లలో పేరు, వయసు, ఎత్తు, ఊరు, వచ్చిన భాషలు చెప్పి, రెండు ప్రొఫైళ్లు చూపించి, రెండు చేతులూ చూపించాలి. తర్వాత సీన్. నిమిషంన్నర దాటొద్దు. ఎదుటి పాత్ర డైలాగులు ఇంట్లో ఎవరైనా కెమెరా పక్కనే కూర్చుని చదవాలి. మీ చూపు లెన్స్‌లోకి కాదు, దానికి ఆనుకుని ఉన్న ఆ మనిషి కళ్లలోకి పోవాలి. ఏడుపు సీనే పంపాలన్న పట్టింపు మానుకోండి. అందరూ అదే పంపుతారు. ఎదుటివాళ్ల మాట విని ఊరుకునే సీన్ ఒకటి చేసి చూపించండి. సీరియల్‌లో సగం షాట్లు రియాక్షన్లే.

వాట్సాప్‌లో వీడియోను మామూలుగా పంపితే నాణ్యత పడిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా గూగుల్ డ్రైవ్ లింకు ఇవ్వండి. లింకు ఎవరైనా తెరిచేలా పెట్టారో లేదో ఇంకొకరి ఫోన్‌లో చూసుకున్నాకే పంపాలి. “అనుమతి కావాలి” అని తెర మీద పడిందంటే మళ్లీ అడిగే ఓపిక అవతలివాళ్లకు ఉండదు. ఫైలు పేరులో మీ పేరు, వయసు, ఎత్తు, ఊరు ఉండాలి.

ఎవరికి పంపాలి, ఎవరికి పంపకూడదు

సీరియల్ చివర పడే పేర్లలో నిర్మాణ సంస్థ, కో-డైరెక్టర్, కాస్టింగ్ చూసేవాళ్ల పేర్లు రాసుకోండి. పంపాల్సింది వాళ్లకు. వాళ్లు ఆడిషన్‌కు డబ్బు అడగరు. రిజిస్ట్రేషన్ ఫీజు, పోర్ట్‌ఫోలియో ఫీజు, ఆర్టిస్ట్ కార్డు ఫీజు అన్న మాట వచ్చిందంటే అక్కడితో ఆపండి. ఆడిషన్‌కు ఏ సంఘం కార్డూ అక్కర్లేదు. అడ్రస్ ఆఫీసుదో స్టూడియోదో అయ్యుండాలి, టైము పగటిపూట కావాలి. హోటల్ రూమ్, రాత్రి ఎనిమిది తర్వాత మీటింగ్, “ఒక్కదానివే రా” అన్నవి వద్దు. మొదటి రెండు మూడు సార్లు ఇంటినుంచి ఒకరు వెంట వెళ్లడం నామోషీ కాదు. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, మొదటి గంటల్లో అయితే ఆ డబ్బును ఆపే వీలుంటుంది. పదిమంది, అంతకు మించి పనిచేసేచోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. సెట్ కూడా పనిచేసే చోటే.

సెట్‌లో

డైలాగ్ పేపర్ షాట్‌కు కాస్త ముందే చేతికొస్తుంది. చాలా సెట్లలో అసిస్టెంట్ డైరెక్టర్ కెమెరా పక్కన నిలబడి ప్రాంప్టింగ్ ఇస్తారు: ముక్క అందిస్తారు, మీరు భావంతో చెబుతారు, తర్వాతి ముక్క వస్తుంది. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. మాట వినబడిన వైపుకు కనుగుడ్డు తిరుగుతుంది, ముక్కకూ ముక్కకూ మధ్య ముఖం ఖాళీ అవుతుంది. దీన్ని ఇంట్లోనే సాధన చేయొచ్చు. చెల్లెల్ని మీ వెనక నిలబెట్టి పేపర్‌లోంచి సగం సగం వాక్యం చదవమనండి. మీరు గోడ మీద ఒక చుక్కను చూస్తూ కోపంగా చెప్పండి, తర్వాత అదే పేరాను బతిమాలుతున్నట్టు చెప్పండి. వినే క్షణంలో కూడా కోపం ముఖం మీద నిలబడిందో లేదో రికార్డింగ్‌లో చూసుకోండి.

గ్లిజరిన్‌ను కంట్లో వేసుకోకూడదు. ఇయర్ బడ్‌కు కొద్దిగా అంటించి కింది రెప్పకు దిగువన చర్మం మీద రాయాలి. కాంటాక్ట్ లెన్సులుంటే ముందే తీసేయాలి. షాట్ రెడీ అన్నాకే రాసుకోండి. తొందరపడితే సీన్ మొత్తాన్ని దూరం నుంచి తీసే మాస్టర్ షాట్‌లోనే నీళ్లన్నీ అయిపోయి, క్లోజ్ వచ్చేసరికి ఎర్రటి కళ్లు మాత్రం మిగులుతాయి.

చిన్న పాత్రలకు బట్టలు చాలాసార్లు మీవే. సన్న గీతలు, చిన్న గళ్లు కెమెరాలో అలల్లా కదులుతాయి. మెరిసే జరీ లైటుకు తెల్లగా కొడుతుంది. ఇంట్లో బరువైన ధర్మవరం పట్టు ఉన్నా పెళ్లి సీన్ దాకా దాచండి. రోజంతా లైట్ల కింద అది మోయలేం. ప్రతి సీన్ అవ్వగానే బొట్టు, కమ్మలు, గాజులు, కొంగు పడిన తీరు ఫోటో తీసుకుని, ఆ నగలను సీన్ నంబరు రాసిన జిప్ కవర్లో వేసుకోవాలి. మిగతా సగం సీన్‌ను పది రోజుల తర్వాత తీయొచ్చు. అప్పుడు కమ్మలు మారితే తిట్లు పడేది మీకే.

డబ్బు, అగ్రిమెంట్

లెక్క రోజువారీగా ఉంటుంది. రోజుకు 3,000 చొప్పున నెలకు 12 రోజులు అనుకుందాం. 36,000. అందులో 10 శాతం టీడీఎస్ (ముందే కోసుకునే ఆదాయపన్ను) పట్టుకుంటే 3,600. మేనేజర్‌కు 10 శాతం ఒప్పుకుంటే ఇంకో 3,600. చేతికి 28,800. అదీ షూటింగ్ అయిన వెంటనే కాదు, రెండు మూడు నెలలకు రావడం మామూలే. అందుకే రూమ్ తీసుకునేముందు కనీసం మూడు నెలల ఖర్చు విడిగా పెట్టుకోండి. పట్టుకున్న టీడీఎస్ మీ పాన్ మీద ఆదాయపన్ను శాఖ లెక్కలో పడిందో లేదో చూసుకుని రిటర్న్ వేస్తే, పన్ను కట్టాల్సినంత ఆదాయం లేనివాళ్లకు అది తిరిగొస్తుంది. పాన్ ఇవ్వకపోతే కోత 20 శాతం.

అగ్రిమెంట్‌లో నాలుగు చోట్ల వేలు పెట్టి చదవండి: నెలకు ఎన్ని రోజులు హామీ, ఇంకో ఛానెల్‌లో చేయొచ్చా, మానుకోవాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, రాత్రి ఆలస్యమైతే ఇంటికి చేర్చే బాధ్యత ఎవరిది. నెలకు రోజుల హామీ ఇవ్వకుండా ఇంకెక్కడా చేయొద్దంటే ఒప్పుకోవద్దు. మీ డేట్ల లెక్క మీరే పుస్తకంలో రాసుకోవాలి, కాల్ టైము (సెట్‌కు రమ్మన్న సమయం), ప్యాకప్ టైముతో సహా.

పిల్లల్ని నటింపజేయాలనుకునే తల్లిదండ్రులకు నిబంధనలు వేరు. 14 ఏళ్లలోపు పిల్లలకు రోజుకు 5 గంటలు మించి పని ఉండకూడదు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు. జిల్లా మేజిస్ట్రేట్ అనుమతిని నిర్మాత తీసుకోవాలి. వచ్చే డబ్బులో కనీసం 20 శాతం పిల్లల పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా వేయాలి. వరుసగా 27 రోజులకు మించి పని చేయించకూడదు.

రేటింగులు పడిపోతే కథ మలుపు తిరుగుతుంది, మీ పాత్ర ఊరెళ్లిపోతుంది. ఈ సంగతి ఎవరూ ముందు చెప్పరు, డేట్లు తగ్గడంతోనే తెలుస్తుంది. నెలకు 12 రోజులు కాస్తా నాలుగైదు రోజులైతే రూమ్ ఖాళీ చేసి ఇంటినుంచే వెళ్లిరండి. మీరున్న ఎపిసోడ్ ప్రసారమైన వారంలోనే ఒక మంచి సీన్‌ను కత్తిరించి, పాత టేపు స్థానంలో పెట్టి, అదే జాబితాలోని వాళ్లకు మళ్లీ పంపండి.