జవాబు మనం అందించకూడదు

ఆపరేషన్‌కు రోగులను సిద్ధం చేసే వార్డులో పందొమ్మిదేళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. కొత్తగా వచ్చిన వారికి మొదటి రోజే ఒకటి చెబుతాను: ప్రశ్నలోనే జవాబు అందించకండి.

ఇది నాకు ఒక పెద్దాయన వల్ల తెలిసింది. కేస్ షీటులో కుడివైపు హెర్నియా అని ఉంది. "కుడివైపే కదండీ?" అన్నాను. తల ఊపారు. స్ట్రెచర్ కదిలాక మనసొప్పక, "ఎక్కడో చేత్తో చూపించండి" అన్నాను. ఎడమ గజ్జ మీద చెయ్యి వేశారు. మరి ఇందాక అవునన్నారేమని అడిగితే, "మీకు తెలిసే ఉంటుంది కదమ్మా" అన్నారు.

అంగీకార పత్రం విషయంలోనూ ఇదే జరుగుతుంది. వివరించాల్సింది ఆపరేషన్ చేసే డాక్టర్. మత్తు గురించి చెప్పాల్సింది మత్తు డాక్టర్. కాగితం పట్టుకుని సంతకం కోసం తిరగడం నర్సు పని కాదు. జబ్బు ఏమిటి, ఏం చేస్తారు, ఎంత మేలు, తరచుగా వచ్చే ఇబ్బందులేమిటి, అరుదైనా ప్రమాదకరమైనవి ఏమిటి, వేరే మార్గం ఉందా, అసలు చేయించుకోకపోతే ఏమవుతుంది అన్నవన్నీ రోగికి తెలియాలి. వీలైతే ముందు రోజుల్లోనే, కుర్చీ వేసుకుని కూర్చుని చెప్పాలి. మగత మందు ఇచ్చాక తీసుకున్న సంతకాన్ని నమ్మకూడదు. నిర్ణయించుకోగల స్థితిలో ఉన్న పెద్దవారి బదులు బంధువులు సంతకం చేస్తే సరిపోదు. చదువు రానివారికి పత్రమంతా చదివి వినిపించి, సాక్షి ఎదుట వేలిముద్ర తీసుకోవాలి. భాష తెలియకపోతే దుబాసీని పిలవాలి, ఇంట్లోని పిల్లలను కాదు.

ఆ తర్వాత "అర్థమైందా?" అని అడగకండి. "ఇంటికి ఫోన్ చేసి మీ వాళ్లకు ఎలా చెబుతారో అలాగే నాకూ చెప్పండి" అనండి. గర్భసంచి తొలగించే ఆపరేషన్‌కు సంతకం చేసి వచ్చిన ఒకావిడను ఇలాగే అడిగాను. "గడ్డ తీసేస్తారు, ఏడాది తర్వాత రెండో బిడ్డ కోసం చూసుకోవచ్చు" అంది. పత్రంలో ఒక్క ఖాళీ లేదు, సంతకం ఉంది, తేదీ ఉంది. వెంటనే డాక్టర్‌ను పిలిపించాను. ఆ రోజు ఆపరేషన్ ఆగిపోయింది. మరో వారానికి, గర్భసంచిని ఉంచి గడ్డను మాత్రమే తీసే పద్ధతికి ఆవిడ ఒప్పుకుని, కొత్త పత్రం మీద సంతకం చేసింది. ఆ పాత పత్రం తలచుకుంటే ఇప్పటికీ నాకు గుండె దడదడలాడుతుంది.

ఇక ఆపరేషన్ రోజు ఉదయం. "ఏమీ తినలేదు కదా?" అనకుండా, "చివరిసారి నోట్లో ఏం వేసుకున్నారు, ఎన్ని గంటలకు?" అనండి. తేలికపాటి ఆహారమైనా, పాలైనా పెద్దవారికి కనీసం 6 గంటల ముందే ఆపాలి. పాలు కలిపిన టీని చాలామంది తిండిగా లెక్కించరు. ఇబ్బందేమీ లేని రోగికి మంచినీళ్లు 2 గంటల ముందు వరకు ఇవ్వవచ్చు. రాత్రి నుంచి గుక్కెడు నీళ్లు లేకుండా పడుకోబెట్టడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. రక్తం పలచబరిచే మందులు, షుగర్ మందులు ఎప్పుడు వేసుకున్నారో, ఏ మందు పడలేదో, పడనప్పుడు ఏమైందో అడగాలి. కట్టుడు పళ్లు, నగలు, గోళ్ల రంగు తీయించాలి. వెంట్రుకలు తీయక తప్పకపోతే క్లిప్పరే వాడాలి. రేజరు గాట్లలో క్రిములు చేరతాయి.

కోత పెట్టే చోట గుర్తును, రోగి మెలకువగా ఉండగానే, డాక్టరే చెరగని సిరాతో పెట్టాలి. బాణం గుర్తు మంచిది. ఇంటూ గుర్తు వద్దు, "ఇక్కడ కాదు" అని కూడా అనుకోవచ్చు.

ఆపరేషన్‌లో పొరపాట్లు జరగకుండా సరిచూసుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన 19 అంశాల జాబితాను మత్తుకు ముందు, కోతకు ముందు, థియేటర్ వదిలే ముందు గట్టిగా చదవాలి. ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆసుపత్రులలో దాన్ని వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో వెల్లడైంది. చదువుతున్నప్పుడు అందరూ చేతిలో పని ఆపాలి.

రోగి చెప్పిన పేరు, ఆపరేషన్, వైపు, చేతి పట్టీ, పత్రం, ఒంటి మీది గుర్తు, వీటిలో ఏ ఒక్కటి కలవకపోయినా స్ట్రెచర్‌ను అక్కడే ఆపండి. డాక్టర్ స్వయంగా వచ్చి, రోగితో మాట్లాడి సరిచేసేదాకా, ఎవరు తొందరపెట్టినా కదలనివ్వకండి.