జర్మనీలో వీకెండ్ తిరుగుళ్ళూ బీ1 చదువూ రెండూ అవ్వాలంటే

అమలాపురం, భీమవరం సైడ్ నుంచి మాస్టర్స్‌కి జర్మనీ వెళ్ళే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ అడిగేది ఇదేనండి, శని ఆదివారాలు ఊళ్ళు తిరిగితే బీ1, అంటే జర్మన్ భాషలో మధ్య స్థాయి పరీక్ష, ఎప్పటికవుద్దీ అని. అవుద్దండి, కాపోతే గ్రామర్ హోంవర్క్ శుక్రవారం రాత్రికల్లా తేల్చేయాలి, పుస్తకం బ్యాగులో పెట్టుకెళ్ళి ట్రైన్‌లో చదువుతాననడం ఉత్త మాట.

ముందు డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెలవారీ పాస్ తీసుకోండి. 2026 జనవరి నుంచి నెలకి 63 యూరోలు, సిటీ బస్సులు ట్రామ్‌లు రీజనల్ రైళ్ళు ఎక్కొచ్చు, ఐసీఈ అనే స్పీడు రైళ్ళు కుదరవు. వద్దనుకుంటే 10వ తారీఖులోపు క్యాన్సిల్ కొట్టాలి, లేకపోతే ఇంకో నెల డబ్బులు కట్టాల్సిందే.

స్టేషన్‌లో ఇయర్‌ఫోన్స్ తీసేయండి. ప్లాట్‌ఫామ్ మారిందనీ, బండి 35 నిమిషాలు లేటనీ చెప్పే అనౌన్స్‌మెంట్ల లాంటివే లిజనింగ్ పేపర్లో వస్తాయి, పైగా వాళ్ళు 35ని ఐదూ ముప్పై అన్నట్టు తిరగేసి చెప్తారు కదా, అందుకని ముందు విని ఆనక బోర్డు చూసి సరిచూసుకోండి, ఇది ఏ కోచింగ్‌లోనూ దొరకదు.

ఇంక మన గోదారోళ్ళం నలుగురం కలిస్తే ఆయ్ అంటూ పులస దగ్గర మొదలెట్టి రాత్రి దాకా తెలుగే. ఒక వారం మనోళ్ళతో, ఇంకో వారం క్లాసులో సిరియా, టర్కీ వాళ్ళతో వెళ్ళండి, అక్కడ జర్మన్ తప్ప గతిలేదు.

ఆదివారం సూపర్ మార్కెట్లు మూసేస్తారు, సామాన్లు శనివారమే కొనుక్కోండి.

పరీక్షకి రెండు వారాల ముందు మాత్రం ఊరు కదలొద్దు. గోథే ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ బీ1 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడ్డం వేర్వేరు మాడ్యూల్స్, ఒకటి పోతే అదొక్కటే మళ్ళీ రాసుకోవచ్చు.